ఒకే పటం, అనేక థ్రెడ్లు: ఎస్‌వీజీ డాక్యుమెంట్లను క్యాష్ నుంచి గీయించడంలో నా అనుభవం

తెలంగాణ శాసనసభకు 2023 నవంబరు 30న పోలింగు, డిసెంబరు 3న ఓట్ల లెక్కింపు జరిగాయి. లెక్కింపు రోజున 119 నియోజకవర్గాల పటానికి, రౌండు రౌండుకూ మారే ఆధిక్యాలను బట్టి రంగులు నింపి, వెబ్ పేజీలకూ ఫోన్లకూ పెద్ద తెరలకూ వేర్వేరు కొలతల్లో పీఎన్‌జీ బొమ్మలుగా అందించే సర్వర్ ప్రోగ్రాము మీద ఆ ఏడాది నేను పనిచేశాను. అది ఒకేసారి అనేక థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాములో పక్కపక్కనే సాగే పనుల వరుసలు, నడిచే జావా ప్రోగ్రాము. పటానికి మూలం ఒక ఎస్‌వీజీ డాక్యుమెంటు, అంటే గీతలూ వంపులూ రంగులూ రాతలూ ఎక్కడ ఎలా ఉండాలో వివరించే ఎక్స్‌ఎంఎల్ పాఠం. దాన్ని క్యాష్‌లో, అంటే మళ్లీ మళ్లీ వాడుకోవడానికి మెమరీలో దాచుకునే చోట, ఉంచి, అనేక థ్రెడ్ల చేత ఒకేసారి, తప్పు రాకుండా గీయించడానికి మేము నడిచిన దారిని ఇక్కడ రాస్తున్నాను. మేము చివరికి నిలుపుకున్న పద్ధతి ఎంత ముఖ్యమో, మధ్యలో వదిలేసిన పద్ధతులను ఎందుకు వదిలామన్నది కూడా అంతే ముఖ్యమని నా అభిప్రాయం.

ముందు క్యాష్ ఎందుకు అవసరమైందో చెప్పాలి. నియోజకవర్గాల హద్దులు చాలా సూక్ష్మంగా ఉంటాయి. నది ఒడ్డు వెంట సాగే హద్దు ఒక్కటే వందలాది బిందువుల వరుస. ప్రతి అభ్యర్థనకూ ఆ పాఠాన్ని మొదటి నుంచి చదివి, పాత్‌లోని (ఆకారపు గీతను వివరించే వరుసలోని) అక్షరాలను అంకెలుగా మార్చి, ఏ శైలి నియమం ఏ మూలకానికి వర్తిస్తుందో సీఎస్ఎస్ (రంగులూ మందాల్లాంటి శైలులను నిర్ణయించే నియమాల భాష) ప్రకారం తేల్చుకుంటూ పోతే, బొమ్మ గీయడానికి పట్టే కాలం కన్నా ఈ తయారీకే ఎక్కువ కాలం పడుతుంది. అందుకే మా ప్రోగ్రాము డాక్యుమెంటును ఒకసారి చదివి, దాని డామ్ వృక్షాన్ని, అంటే డాక్యుమెంటులోని మూలకాలన్నీ నోడ్లుగా కొమ్మల్లా అమరిన రూపాన్ని, మెమరీలో ఉంచుకునేది. అభ్యర్థన రాగానే ఆ వృక్షాన్ని తీసుకొని, ఐడీ ద్వారా ఒక్కొక్క నియోజకవర్గాన్ని పట్టుకొని దాని రంగు మార్చి, వెడల్పూ ఎత్తూ అడిగినట్టు పెట్టి, గీసే లైబ్రరీకి అప్పగించేది. ఒక్క థ్రెడ్‌తో నడిపినంత కాలం ఈ పద్ధతి సరిగ్గానే పనిచేసింది.

లెక్కింపు రోజు రద్దీని ఊహించి లోడ్ పరీక్షలు మొదలుపెట్టినప్పుడు మూడు రకాల లక్షణాలు బయటపడ్డాయి. అన్నిటికన్నా తరచుగా కనిపించింది రంగుల కలగాపులగం. ఒక అభ్యర్థనలో అచ్చంపేటకు పంపిన రంగు మరో అభ్యర్థనకు వెళ్లిన బొమ్మలో తేలేది. రెండోది కొలతల తేడా. ఫోను కోసం అడిగిన చిన్న బొమ్మలో, పెద్ద తెర కోసం పెంచిన పటంలోని ఒక మూల మాత్రమే ఇమిడి, మిగిలిన రాష్ట్రమంతా చట్రం బయటికి పోయేది. మూడోది అరుదుగా వచ్చేది: నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌తో (ఉండాల్సిన వస్తువు లేదన్న లోపంతో) అభ్యర్థన మధ్యలోనే ఆగిపోయేది. వీటిలో మూడోదే మాకు మేలు చేసింది, ఎందుకంటే అది లాగ్‌లో కనిపిస్తుంది. మొదటిది ఎక్కడా కనిపించదు. సర్వర్ అంతా సవ్యమన్న 200 జవాబే ఇస్తుంది, పీఎన్‌జీ చక్కగా తెరుచుకుంటుంది, గీతల్లో ఏ లోపమూ ఉండదు, కానీ ఒక నియోజకవర్గంలో వెనకబడిన పార్టీ ముందున్నట్టు పాఠకుడికి కనిపిస్తుంది. లెక్కింపు రోజున అలాంటి బొమ్మ తప్పుడు వార్తతో సమానం. ఆగిపోయే సర్వర్ కన్నా తప్పు బొమ్మ ఇచ్చే సర్వర్ ఎక్కువ హాని చేస్తుందన్న ఆలోచనతోనే ఆ తరువాతి నిర్ణయాలన్నీ తీసుకున్నాను.

ఇలాంటి దోషాన్ని వెతకడంలో మొదటి చిక్కు, అది మనం చూస్తున్నప్పుడు రాకపోవడం. లాగ్‌లో ఒక వాక్యం అదనంగా రాయిస్తే చాలు, థ్రెడ్ల నడకలో కాలం మారిపోయి కొన్ని గంటల పాటు ఒక్క తప్పూ కనిపించేది కాదు. అందుకని దోషం కోసం ఎదురుచూడడం మానేసి, దాన్ని రప్పించే పరీక్ష రాశాను. అందులో సగం థ్రెడ్లు పటమంతా ఎరుపు రంగుతో వంద పిక్సెళ్ల వెడల్పున అడుగుతాయి, మిగిలిన సగం పటమంతా నీలం రంగుతో వెయ్యి పిక్సెళ్ల వెడల్పున అడుగుతాయి. అన్నీ సైక్లిక్ బ్యారియర్ అనే ఆపుదల గీత దగ్గర ఆగి, ఒకేసారి బయలుదేరుతాయి. ఎరుపు అడిగిన బొమ్మలో ఒక్క నీలం పిక్సెల్ ఉన్నా పరీక్ష విఫలమైనట్టే. నిజమైన ఎన్నికల రంగులతో పరీక్షిస్తే పక్కపక్క నియోజకవర్గాలు ఒకే రంగులో ఉండి కొన్ని తప్పులు కళ్లకు కనిపించకుండా దాగిపోయేవి. ఈ రెండు రంగుల ఏర్పాటులో దాగడానికి చోటు లేదు. పోలిక కూడా పీఎన్‌జీ ఫైలు బైట్ల మీద కాక, విప్పిన పిక్సెళ్ల మీద చేశాను, ఎందుకంటే కుదింపు పద్ధతిలో చిన్న సెట్టింగు మారినా, బొమ్మ మారకుండానే ఫైలు బైట్లు మారిపోతాయి. ఒకే యంత్రం, ఒకే జావా, అవే ఫాంట్లు ఉన్నప్పుడు ఒక్క థ్రెడ్‌తో గీసిన బొమ్మ పిక్సెల్‌తో సహా ప్రతిసారీ ఒకేలా వస్తుందని ముందుగా రూఢి చేసుకొని, దాన్నే ప్రమాణంగా పెట్టుకున్నాను. ఈ పరీక్ష పెట్టాక ప్రతి మార్పు ఫలితమూ కొద్ది క్షణాల్లోనే తేలిపోయేది.

కారణాలు వెతుకుతూ పోతే అవి ఒక్క చోట లేవని తేలింది. పై పొర నుంచి మొదలుపెడతాను. క్యాష్‌గా వాడినది లింక్డ్ హ్యాష్ మ్యాప్ అనే జావా పట్టిక. చాలాకాలంగా ఎవరూ అడగని డాక్యుమెంటును ముందుగా తీసేయడానికి వీలుగా దాన్ని వాడకపు వరుసలో ఉంచే పద్ధతిలో తయారుచేశారు. దానికి కాపలాగా రీడ్ రైట్ లాక్ ఉంది. లాక్ అంటే ఒక థ్రెడ్ పనిలో ఉండగా మిగిలినవాటిని ఆపి ఉంచే తాళం. వెతికేటప్పుడు రీడ్ లాక్, చేర్చేటప్పుడు రైట్ లాక్ తీసుకునేవారు. చూడడానికి ఇది సరైన ఏర్పాటే. అయితే వాడకపు వరుసలో ఉన్న మ్యాప్‌లో కేవలం వెతకడం కూడా నిర్మాణాన్ని మార్చే పనే అని జావా డాక్యుమెంటేషన్ స్పష్టంగా చెబుతుంది, ఎందుకంటే దొరికిన అంశాన్ని వరుస చివరికి జరపాలి. రీడ్ లాక్ అనేక థ్రెడ్లను ఒకేసారి లోపలికి రానిస్తుంది కాబట్టి, లోపల లంకెలు తెగిపోయే అవకాశం ఉంది. ఇక్కడ అనేక థ్రెడ్లు ఒకేసారి వాడదగిన కంకరెంట్ హ్యాష్ మ్యాప్ పెట్టి, బరువును బట్టి తొలగించే పనిని వేరుగా రాసుకున్నాము. ఈ పొర వరకు పరిష్కారం సులువే.

రెండో పొర డాక్యుమెంటే. రంగులూ కొలతలూ అభ్యర్థనకు సంబంధించినవి. హద్దులూ పేర్లూ పటానికి సంబంధించినవి. ఈ రెండూ ఒకే వృక్షంలో రాసి ఉండడం వల్ల, ఒకే పలక మీద ఇద్దరు పిల్లలు చెరో లెక్క చేస్తున్నట్టుగా ఒక థ్రెడ్ రాసిన దాన్ని మరో థ్రెడ్ చెరిపేస్తోంది. అప్పటికే కోడ్‌లో రంగులు మార్చే భాగానికి లాక్ ఉంది, కానీ గీసే భాగం దాని బయట ఉంది. రంగులు నింపి లాక్ వదిలిన క్షణానికీ, గీయడం ముగిసే క్షణానికీ మధ్య మరో థ్రెడ్ వచ్చి తన రంగులు నింపుతుంది. అలాంటి లాక్ ఉన్నా లేనట్టే.

మూడో పొర మాకు ఎక్కువ కాలం పట్టింది, ఆసక్తికరమైనది కూడా అదే. రంగులనూ కొలతలనూ అసలు మార్చకుండా, మారని ఒకే పటాన్ని అనేక థ్రెడ్లతో గీయించి చూసినా అప్పుడప్పుడు ఎక్సెప్షన్లు వచ్చాయి. ఎవరూ ఏమీ రాయకపోతే చదవడం సురక్షితమే కదా అని అందరమూ అనుకుంటాము. కానీ డామ్ వృక్షాన్ని చదవడమంటే చాలాసార్లు రాయడమే. విస్తృతంగా వాడే జర్సీస్ పార్సర్ తన డామ్ అమలు థ్రెడ్లకు సురక్షితం కాదనీ, లాక్‌ల బాధ్యత వాడేవారిదేననీ ఎప్పటి నుంచో చెబుతూ ఉంది. అది పిల్ల నోడ్లను మొదటిసారి అడిగినప్పుడే నిజంగా తయారుచేయగలదు, జాబితాలో చివరిసారి చూసిన స్థానాన్ని గుర్తు పెట్టుకోగలదు. ఈ రెండూ చదివే పని చాటున జరిగే రాతలే. ఎస్‌వీజీ లైబ్రరీలు దీని మీద మరిన్ని చేరుస్తాయి. మూలకానికి వర్తించే తుది శైలిని మొదటిసారి అడిగినప్పుడు లెక్కకట్టి ఆ మూలకంలోనే దాచుకుంటాయి. ఆకారాన్ని చుట్టుముట్టే దీర్ఘచతురస్రమైన హద్దుపెట్టెనూ అలాగే దాచుకుంటాయి. అపాచీ బాటిక్ లాంటి లైబ్రరీలో, తెర మీద చూపిస్తూ మారుతుండే డాక్యుమెంటును మార్చే పనులన్నీ అప్‌డేట్ మేనేజర్ అనే ఒక ప్రత్యేక థ్రెడ్ వరుసలోనే పెట్టాలన్న నియమం ఉండడానికి కారణం ఇదే.

దీనికి మా పటంలోనే మంచి ఉదాహరణ ఉంది. గెలుపు ఖరారైన నియోజకవర్గానికి నిండు రంగు, ఆధిక్యంలో మాత్రమే ఉన్నదానికి ఏటవాలు చారలు వాడాము. చారలు ఎస్‌వీజీలోని ప్యాటర్న్ మూలకం. ప్యాటర్న్‌కు కొలతల పద్ధతి ప్రత్యేకంగా చెప్పకపోతే, అది వర్తించే ఆకారపు హద్దుపెట్టెను బట్టి దాని పలక (పదేపదే పరుచుకునే చారల ముక్క) కొలత నిర్ణయమవుతుంది. గ్రేడియెంట్‌కూ (క్రమంగా మారే రంగుకూ) ఇదే నియమం. అంటే ఒకే ప్యాటర్న్‌ను విశాలమైన అచ్చంపేటకు వాడినప్పుడు ఒక కొలత, హైదరాబాద్ జిల్లాలోని 15 చిన్న నియోజకవర్గాలకు వాడినప్పుడు వేరే కొలత. మేము వాడిన లైబ్రరీ అలా లెక్కకట్టిన పలకను ప్యాటర్న్ మూలకంలోనే ఉంచి, తరువాతి వాడకంలో మార్చుకునేది. ఒక్క థ్రెడ్‌లో గీసేటప్పుడు ఆకారాలు వరుసగా వస్తాయి కాబట్టి ఇబ్బంది లేదు. రెండు థ్రెడ్లు కలిసినప్పుడు మాత్రం ఖైరతాబాద్ మీద అచ్చంపేట చారలు పడేవి. ఆ బొమ్మను మొదట చూసినవారు డిజైన్ లోపమనుకున్నారు. హైదరాబాద్‌ను పక్కన పెద్దదిగా చూపడానికి వాడిన యూజ్ మూలకంలోనూ ఇదే ధోరణి కనిపించింది. అది చూపించే ఆకారాల నకళ్లను లైబ్రరీ మొదటిసారి గీసేటప్పుడే వృక్షానికి తగిలించేది.

నాలుగో పొర ఫాంట్లు. నియోజకవర్గాల పేర్లు తెలుగులో ఉన్నాయి, తెలుగు అక్షరాలను ఒత్తులతో గుణింతాలతో సరిగ్గా కూర్చడానికి షేపింగ్ ఇంజను కావాలి. జావా 9 నుంచి ఆ పనిని హార్ఫ్‌బజ్ అనే ఇంజను చేస్తోంది. జావా తన ఫాంట్ల లోపలి పట్టికలను తానే కాపాడుకుంటుంది కాబట్టి ఇక్కడ మాకు తప్పులేవీ రాలేదు. సీ భాషలో నేరుగా పనిచేసేవారు మాత్రం జాగ్రత్త పడాలి: ఫాంట్లను గీసే ఫ్రీటైప్ లైబ్రరీలో ఒక ఫేస్‌ను (తెరిచిన ఫాంట్‌ను) ఒక సమయంలో ఒకే థ్రెడ్ వాడాలి, హార్ఫ్‌బజ్‌లో మార్పు లేకుండా స్థిరపరచిన ఫాంట్‌ను థ్రెడ్లు పంచుకోవచ్చు గానీ బఫర్‌ను (కూర్చాల్సిన అక్షరాలుండే చోటును) పంచుకోకూడదు.

పరిష్కారాల సంగతికి వస్తాను. మా బృందంలో అందరికన్నా అనుభవం ఉన్న పెద్దాయన, "ముందు తప్పు బొమ్మ రాకుండా చూడండి, వేగం సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన మాట ప్రకారం రంగులు నింపడం దగ్గర నుంచి గీయడం పూర్తయ్యేదాకా అంతటినీ ఒకే లాక్ కిందికి తెచ్చాము. ఎరుపు నీలాల పరీక్ష వెంటనే నెగ్గింది. అయితే సర్వర్‌లో ఎన్ని కోర్లు ఉన్నా ఒక డాక్యుమెంటును ఒక సమయంలో ఒక్క థ్రెడ్డే గీయగలదు, లెక్కింపు రోజున అందరూ అడిగేది ఆ ఒక్క డాక్యుమెంటునే. మిగిలిన థ్రెడ్లన్నీ లాక్ కోసం వరుసలో నిలబడేవి. తక్కువ రద్దీ ఉన్న చోట ఈ పరిష్కారమే చాలని ఇప్పటికీ చెబుతాను. పదిమంది వాడే కార్యాలయపు సాధనానికి దీన్ని మించి వెతకనక్కర్లేదు.

లాక్‌తో పాటు ఇంకో సమస్య కూడా బయటపడింది. పటంలో చిన్న గుర్తులను ఇమేజ్ మూలకాల ద్వారా వేరే ఎస్‌వీజీ ఫైళ్ల నుంచి తెచ్చేవారు, ఆ ఫైళ్లు కూడా అదే క్యాష్ ద్వారా వచ్చేవి. కంకరెంట్ హ్యాష్ మ్యాప్‌లో లేని అంశాన్ని లెక్కకట్టి చేర్చే కంప్యూట్ ఇఫ్ యాబ్సెంట్ పద్ధతిని వాడేటప్పుడు, ఆ లెక్క నడుస్తుండగా అదే మ్యాప్‌లోని మరో అంశాన్ని మార్చకూడదన్నది నియమం. పటం చదువుతుండగా అది గుర్తు కోసం మళ్లీ అదే మ్యాప్‌ను అడిగితే, జావా 8లో థ్రెడ్ అక్కడే అంతులేకుండా తిరుగుతూ ఉండిపోయే ప్రమాదం ఉంది. జావా 9 నుంచి అలాంటి సందర్భాన్ని గుర్తించగలిగినప్పుడు ఎక్సెప్షన్ ఇస్తుంది. మేము మ్యాప్‌లో డాక్యుమెంటును నేరుగా ఉంచకుండా, దాన్ని తయారుచేసే పనికి గుర్తుగా ఒక ఫ్యూచర్‌ను (ఫలితం తయారయ్యాక అందించే వస్తువును) ముందుగా ఉంచి, చదివే పనిని మ్యాప్ బయట జరిపించాము. ఫైళ్లు ఒకదాన్నొకటి చుట్టూ తిరిగి పిలుచుకుంటే ఫ్యూచర్లు కూడా ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోతాయి కాబట్టి, చదివేటప్పుడే ఆ వలయాన్ని పసిగట్టి తిరస్కరించే తనిఖీ కూడా పెట్టాము.

తరువాత ప్రయత్నించినది నకలు పద్ధతి: ప్రతి అభ్యర్థనకూ డాక్యుమెంటు మొత్తానికి నకలు తీసి, ఆ నకలులోనే రంగులు మార్చి గీయడం. నకలు తీయడం కూడా అసలు వృక్షాన్ని చదవడమే, పైన చెప్పినట్టు చదవడంలో రాత దాగి ఉంది, కాబట్టి నకలు తీసే కొద్ది సమయం లాక్ తప్పదు. గీయడం మాత్రం లాక్ బయట జరుగుతుంది. వేగం బాగా మెరుగుపడింది. కానీ అభ్యర్థనకు అభ్యర్థనకూ మారేవి 119 రంగులే అయినప్పుడు, వాటి కోసం లక్షల అంకెలున్న హద్దులన్నిటికీ నకళ్లు తీయడం, ఆ చెత్తను ఎత్తిపోయడానికి జావా గార్బేజ్ కలెక్టర్ అలసిపోవడం నాకు నచ్చలేదు. నకలులో దాచుకున్న శైలులు కూడా ఉండవు కాబట్టి సీఎస్ఎస్ లెక్క ప్రతిసారీ మొదటి నుంచి జరిగేది. క్యాష్ పెట్టడం వల్ల వచ్చిన లాభంలో సగం ఇలా పోయేది.

చివరికి నిలుపుకున్న పద్ధతిలో డామ్ వృక్షాన్ని థ్రెడ్లు అసలు పంచుకోవు. సర్వర్ మొదలయ్యేటప్పుడు ఒకే థ్రెడ్ ఆ వృక్షాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిచి, దాన్నుంచి మారని ఆకారాల జాబితాను తయారుచేస్తుంది. అందులో ప్రతి అంశానికీ హద్దు గీత, దాని స్థానాన్ని నిర్ణయించే మాత్రిక, గీత మందం, ముందే లెక్కకట్టిన హద్దుపెట్టె, "ఈ ఆకారపు రంగు రంగుల పట్టికలోని ఫలానా సంఖ్య" అన్న సూచన ఉంటాయి. రంగు మాత్రం ఉండదు. జాబితా తయారయ్యాక వృక్షాన్ని వదిలేస్తాము. గీసే ఫంక్షను ఆకారాల జాబితాను, రంగుల పట్టికను, కొలతను వేర్వేరుగా తీసుకుంటుంది. బఫర్డ్ ఇమేజ్‌నూ గ్రాఫిక్స్ వస్తువునూ ప్రతి అభ్యర్థనకూ కొత్తగా సృష్టించుకుంటుంది. పంచుకున్నది మారదు, మారేదాన్ని పంచుకోము. ఈ ఏర్పాటులో గీసే దారిలో ఒక్క లాక్ కూడా లేదు.

మారని వస్తువు అని పేరు పెట్టినంత మాత్రాన సరిపోదు, దాన్ని మరో థ్రెడ్‌కు అందించే తీరు కూడా సరిగ్గా ఉండాలి. ఒక థ్రెడ్ నిర్మించిన వస్తువు చిరునామా మరో థ్రెడ్‌కు చేరినా, సరైన ఏర్పాటు లేకపోతే లోపలి విలువలు ఇంకా నిండనట్టు కనిపించవచ్చు. 2004లో జావా 5తో వచ్చిన మెమరీ మోడల్, ఫైనల్ (ఒకసారి నింపాక మారనివి) అని ప్రకటించిన ఫీల్డులకు ఆ భరోసా ఇస్తుంది, నిర్మాణం ముగియకముందే వస్తువు చిరునామా బయటికి పోనంతవరకు. కాబట్టి మా ఆకారాల్లోని ప్రతి ఫీల్డునూ ఫైనల్ చేసి, జాబితాలను మార్చడానికి వీలులేని జాబితాలుగా చుట్టాము. జావాలోని సొంత ఆకారాల్లోనూ ఒక చోట జాగ్రత్త పడాల్సి వచ్చింది. పాత్ టూడీ అనే తరగతి తన హద్దుపెట్టెను దాచుకోదు, ఎవరూ మార్చకపోతే అనేక థ్రెడ్లు దాన్ని చదవవచ్చు. ఏరియా అనే తరగతి మాత్రం హద్దుపెట్టెను మొదటిసారి అడిగినప్పుడు లెక్కకట్టి లోపల దాచుకుంటుంది, ఆ దాచుకోవడానికి ఏ రక్షణా లేదు. పటం అంచును కత్తిరించడానికి మేము ఏరియాను వాడుతున్నాము. తయారీ సమయంలోనే ఏరియాలన్నిటినీ మామూలు పాత్‌లుగా మార్చి ఉంచడంతో ఆ సందేహం తీరిపోయింది.

తెలుగు పేర్లనూ తయారీలోనే ఆకారాలుగా మార్చాము. నాగర్‌కర్నూల్, ఇబ్రహీంపట్నం, భద్రాచలం లాంటి పేర్లు ఎన్నిసార్లు గీసినా మారవు. ఒకసారి షేపింగ్ చేసి టెక్స్ట్ లేఅవుట్ నుంచి అక్షరాల అంచు గీతలను తీసుకుంటే, ఆ తరువాత అవి కూడా హద్దుల్లాగే మామూలు పాత్‌లు. పెద్ద కొలతల్లో ఇది చక్కగా పనిచేసింది. చిన్న కొలతల్లో మాత్రం, ఫాంటుగా గీసినప్పుడు దొరికే సవరణలు అంచు గీతల్లో దొరకవు కాబట్టి ఒత్తులు కాస్త మసకగా వచ్చాయి. అందుకే ఫోను బొమ్మల్లో పేర్లు చూపించడం మానేసి, జిల్లా కేంద్రాల పేర్లు మాత్రం మందంగా ఉంచాము. క్షణక్షణం మారే ఆధిక్యాల అంకెలను మాత్రం ప్రతి థ్రెడ్ తానే అప్పటికప్పుడు రాసుకుంటుంది.

దీని పైన గీసిన బొమ్మలకు రెండో క్యాష్ ఉంది, అక్కడ సమస్య వేరు. 1920కి 1080 కొలత బొమ్మ విప్పి ఉంచితే పిక్సెల్‌కు నాలుగు బైట్ల లెక్కన దాదాపు 83 లక్షల బైట్లు. అందుకని విప్పిన బొమ్మలను ఉంచకుండా పీఎన్‌జీ బైట్లనే ఉంచి, సంఖ్యను బట్టి కాక మొత్తం బైట్లను బట్టి పరిమితి పెట్టాము. అన్నిటికన్నా ముఖ్యమైనది తాళపు చెవి, అంటే ఏ వివరాలను బట్టి బొమ్మను వెతుకుతామన్నది. ఫలితాలు వచ్చేటప్పుడు పట్టికలో ఒక్కొక్క రంగును మారుస్తూ పోతే, సగం రాష్ట్రం పాత రౌండులో, సగం కొత్త రౌండులో ఉన్న బొమ్మ తయారయ్యే వీలుంది. ఒక్కొక్క నియోజకవర్గం విడిగా చూస్తే నిజమే, కానీ మొత్తం మీద ఏ క్షణంలోనూ లేని ఫలితాన్ని ఆ బొమ్మ చూపిస్తుంది. కాబట్టి కొత్త ఫలితాలతో పట్టిక మొత్తాన్నీ వేరుగా తయారుచేసి, దానికి ఒక క్రమ సంఖ్య ఇచ్చి, అటామిక్ రిఫరెన్స్ ద్వారా ఒక్క చర్యతో పాతదాని స్థానంలో పెడతాము. అభ్యర్థన మొదట్లోనే పట్టికను ఒకసారి తీసుకొని, గీయడం ముగిసేదాకా దాన్నే వాడుతుంది. పటం సంచిక, పట్టిక క్రమ సంఖ్య, వెడల్పు, ఎత్తు, భాష, ఈ అయిదూ కలిసినదే తాళపు చెవి. కొత్త పట్టిక రాగానే పాత బొమ్మలను వెతికి తుడిచే పని కూడా లేదు. వాటిని ఎవరూ అడగరు కాబట్టి అవే వెనకబడి తొలగిపోతాయి.

కొత్త రౌండు వెలువడిన క్షణంలో ఒకే బొమ్మను వందలమంది ఒకేసారి అడుగుతారు. ఇక్కడ కూడా బొమ్మకు బదులు ఫ్యూచర్‌ను ఉంచాము: మొదట వచ్చిన అభ్యర్థన గీస్తుంది, మిగిలినవి దాని ఫలితం కోసం ఆగుతాయి. గీయడం విఫలమైతే ఆ ఫ్యూచర్‌ను వెంటనే తీసేయాలి, లేకపోతే ఒక్కసారి వచ్చిన వైఫల్యం క్యాష్‌లో నిలిచిపోయి అందరికీ అదే అందుతుంది.

వేరే లైబ్రరీలను ఎంచుకునేవారు ముందుగా వాటి థ్రెడ్ నియమాలను చదవమని నా సలహా. బొమ్మలు గీసే కైరో లైబ్రరీలో ఒక గీత సందర్భాన్ని (కాంటెక్స్ట్‌ను) ఒక సమయంలో ఒకే థ్రెడ్ వాడాలి. దాని మీద ఆధారపడిన లిబ్‌ఆర్‌ఎస్‌వీజీలో వేర్వేరు హ్యాండిళ్లను (తెరిచిన ఎస్‌వీజీలను) వేర్వేరు థ్రెడ్లు వాడుకోవచ్చు గానీ, ఒకే హ్యాండిల్‌ను ఒకేసారి పంచుకోకూడదు. రస్ట్ భాషలో రాసిన రెస్‌వీజీ నాకు ఎక్కువ నచ్చింది. అది డాక్యుమెంటును చదివేటప్పుడే శైలులనూ సూచనలనూ తేల్చేసి, మారని వృక్షాన్ని ఇస్తుంది. మేము చేత్తో చేసిన పనికి అది చాలా దగ్గర. పైగా థ్రెడ్ల మధ్య పంచుకోకూడని వస్తువును పంచుకుంటే రస్ట్ కంపైలరే ఒప్పుకోదు. జావాలో ఆ కాపలా మనమే కాయాలి.

లెక్కింపుకు కొన్ని వారాల ముందే జావా 21 విడుదలైంది, ఎదురుచూపులు ఎక్కువగా ఉండే పనులకు పనికొచ్చే తేలికైన వర్చువల్ థ్రెడ్లు అందుబాటులోకి వచ్చాయి. వాటితో గీయించమని కొందరు సూచించారు. గీయడం పూర్తిగా ప్రాసెసర్ పని, దానికి ఎదురుచూపులు ఉండవు, కాబట్టి కోర్ల సంఖ్యకు సరిపడా థ్రెడ్లున్న స్థిరమైన పూల్‌నే ఉంచాము. ఒకేసారి వందల బొమ్మలు విప్పి మెమరీ నిండిపోకుండా కూడా ఆ పూల్ అడ్డుకుంటుంది.

ఈ పద్ధతికి మేము చెల్లించిన మూల్యం సాధారణత్వం. మా తయారీ దశకు పాత్‌లూ గుంపులూ యూజ్ మూలకాలూ ప్యాటర్న్‌లూ రాతలూ తెలుసు. ఫిల్టర్లూ మాస్కులూ యానిమేషనూ స్క్రిప్టులూ తెలియవు. తెలియని మూలకం ఎదురైతే దాన్ని దాటవేయకుండా, ఫైలు పేరూ వరుస సంఖ్యా చూపించి సర్వర్ మొదలవడానికే నిరాకరిస్తుంది, తద్వారా డిజైనర్లకు లెక్కింపు రోజున కాక, ఫైలు పంపిన రోజునే సంగతి తెలుస్తుంది. నీడలూ మెరుపులూ ఉన్న ముద్రణ పోస్టర్లను ఇప్పటికీ పాత లైబ్రరీతోనే గీస్తాము. ఒక్కో పోస్టరుకు డాక్యుమెంటును కొత్తగా చదివి, ఒకే థ్రెడ్‌లో గీసి, ముగియగానే వదిలేస్తాము. వాటికి క్యాష్ పెట్టలేదు.